వెనక తలుపు పిడి

ఆ రోజు పొద్దున్నే ఒబ్దూలియో మేస్త్రి గ్రైండరు పట్టుకుని బస్సు వెనక్కి వెళ్ళాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. ఎందుకు చూస్తారు? మా ఊరి షెడ్లలోకి ఏ బస్సు వచ్చినా మొదట జరిగే పని అదే. ఉత్తరాన అమెరికా వాళ్ళు తమ పిల్లల్ని బడికి మోయించి మోయించి, ఇక చాల్లే అని వదిలేసిన పసుపుపచ్చ బస్సులు మా గ్వాటెమాలాకి దిగుతాయి. దిగినదాన్ని దిగినట్టు మావాళ్ళు ఉంచుతారా! ఇంజను మారుస్తారు, సీట్లు వెడల్పు చేస్తారు, టాపు మీద క్యారియరు, వెనకాల నిచ్చెన బిగిస్తారు, ఆ పసుపు మీద ఎరుపూ నీలమూ కొట్టి పెళ్ళికూతుర్ని చేసి రోడ్డెక్కిస్తారు. వీటన్నిటికన్నా ముందు వెనక తలుపుకి లోపలున్న పిడి తీసేస్తారు. పిడి ఉంటే చార్జీ ఎగ్గొట్టేవాళ్ళు మలుపులో తలుపు తీసుకుని దూకేస్తారు. అందుకని లోపల పిడి ఉండదు, బయట గడియ ఉంటుంది. టాపు మీంచి దిగొచ్చే క్లీనరొక్కడే దాన్ని తీస్తాడు. ఆ తలుపు తెరిచినప్పుడల్లా డ్రైవరు చెవి దగ్గర బుయ్యిమని మోగే బజరొకటి ఉంటుంది, దాని వైరు కూడా ఆ చేత్తోనే కత్తిరించి పారేస్తారు. ఆ గోల ఎవడు భరిస్తాడండీ!

పిడి తెగి రేకు డబ్బాలో ఠంగుమని పడింది.

షెడ్డు మూల బ్రిహిదా రంగు కలుపుతోంది. మేస్త్రి కూతురు. బస్సులకి రంగులు వేసేదీ, నుదుటి మీద పేర్లు రాసేదీ ఆవిడే. ఆ చప్పుడు విని పుల్ల డబ్బాలోనే వదిలేసి లేచి వచ్చింది.

"నాన్నా, అది పిల్లల బండి."

"తెలుసమ్మా."

"మకారియో బండి. సిస్టర్ల బడికి తిప్పే బండి."

"తెలుసంటున్నా కదా."

"తెలిసీ పిడెందుకు కోశావు?"

ఒబ్దూలియో చేతిలో ఉన్న గ్రైండరుని తనది కానట్టు చూశాడు. పాపం, ఆయన అనుకుని చేసింది కాదు. పిల్లల బండి కదా అని సీట్ల జోలికి పోలేదు, అమెరికా వాళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉంచాడు. వీపులు ఎత్తుగా, మెత్తగా, ఒకదాని వెనకాల ఒకటి దగ్గరదగ్గరగా ఉండే సీట్లు అవి. సడన్ బ్రేకు పడితే పిల్లాడు ముందు సీటు మెత్తకి కొట్టుకుంటాడు, ఇనుముకి కాదు. అంత ఆలోచించిన మనిషి, వెనక తలుపు దగ్గరికొచ్చేసరికి బుర్ర పని చెయ్యలేదు, చెయ్యి పని చేసింది. ఇన్నేళ్ళ అలవాటు మరి.

షెడ్డులో సుత్తి చప్పుళ్ళు ఆగిపోయాయి. వెనక తలుపు మాట ఆ షెడ్డులో దెల్ఫీనో పోయిన దగ్గర్నుంచీ ఎవరూ ఎత్తలేదు.

దెల్ఫీనో బ్రిహిదాకి ఒక్కగానొక్క కొడుకు. కట్టుకున్నవాడు ఎప్పుడో వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టుకుంటే, తండ్రి ఇంట్లోనే ఉండి పిల్లాణ్ణి పెంచుకుంది. వాడు చదివే బడి కొండ అవతల. మామూలు సర్వీసు బస్సెక్కి వెళ్ళేవాడు, అందరు పిల్లల్లాగే. వానాకాలంలో ఒక రోజు తిరిగొస్తుంటే వాగు మలుపులో బస్సు జారి లోయలో పడింది. కుడి పక్కకి ఒరిగి పడింది. మా దేశపు బస్సులకి ముందు తలుపు ఉండేది ఆ పక్కే కదా, అది మట్టికిందకి పోయింది. ఇంజనులోంచి పొగ. ముందున్నవాళ్ళు అద్దం పగలగొట్టుకుని బయటపడ్డారు. పిల్లలెప్పుడూ వెనకే, పెద్దవాళ్ళు వాళ్ళని అక్కడికి తోసేస్తారు. వెనక తలుపుకి లోపల పిడి లేదు. పైగా సీటు కలిసొస్తుందని తలుపుకి అడ్డంగా ఒక బెంచి వేసి ఉంది. రోడ్డున పోతున్న కట్టెలవాడు పరిగెత్తుకుంటూ లోయలోకి దిగాడు గానీ, పడ్డ దెబ్బకి బయట గడియ వంగిపోయింది. వాడు గొడ్డలితో గడియ పగలగొట్టేసరికి లోపల అరుపులు ఆగిపోయాయి.

ఆ బస్సు ఒబ్దూలియో షెడ్డులో తయారైందే. దాని నుదుటి మీద పేరు, పేరుకి అటూ ఇటూ రెండు పావురాలు, బ్రిహిదా వేసినవే.

ఊరంతా డ్రైవర్ని తిట్టింది, రోడ్డుని తిట్టింది, వానని తిట్టింది. షెడ్డుని ఎవరూ తిట్టలేదు. ఎలా తిడతారు? ఇంటికొకరు షెడ్లలోనే బతుకుతున్నారు, తిట్టాలంటే ఊరు తనని తాను తిట్టుకోవాలి. దేవుడి చిత్తం అన్నారు, కొవ్వొత్తులు వెలిగించారు, మళ్ళీ పనిలోకి పోయారు. తండ్రీ కూతుళ్ళు ఒకే పొయ్యి దగ్గర తిన్నారు, ఒకే షెడ్డులో పనిచేశారు, ఆ ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడుకున్నారు.

బ్రిహిదాని తినేసేది ఇంకొకటుంది. ఈ బస్సుల వెనక తలుపు మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలుంటాయి. రంగు వేసేటప్పుడు ముందు వాటి మీదే బ్రష్షు పడుతుంది, లేకపోతే ఎరుపు కిందనుంచి తొంగి చూస్తుంది. అక్కడేం రాసుందో ఆమెకి ఎప్పుడూ తెలీదు, అడగాలనీ తోచలేదు. కొడుకు పోయాక బడి సిస్టర్ని అడిగింది. "ఆపద వస్తే తెరవాల్సిన తలుపు అని రాసుందమ్మా," అంది సిస్టర్. ఎన్ని బస్సుల మీద ఆ మాటని తన చేత్తోనే చెరిపేసిందో బ్రిహిదా లెక్కపెట్టుకోలేదు. లెక్కపెట్టుకుంటే బతకలేదు.

మధ్యాహ్నం మకారియో వచ్చాడు. బస్సు యజమాని, డ్రైవరూ ఆయనే. పొట్ట ముందు, మనిషి వెనక. మాట మంచిదే గానీ నోటికి తాళం లేదు. దెల్ఫీనోకి జ్ఞానస్నానం చేయించినప్పుడు చేతుల్లో పట్టుకున్న జ్ఞానతండ్రి ఆయనే. అందుకని మా దేశపు మర్యాద ప్రకారం ఆయన బ్రిహిదాని కొమాద్రే అంటాడు, ఆమె ఆయన్ని కొంపాద్రే అంటుంది. తోబుట్టువుల కన్నా తక్కువ వరస కాదది.

"ఏం కొమాద్రే, నా పెళ్ళాం పేరు రాయడానికి బంగారు రంగు కలిపావా, దాని మొహానికి గోడ సున్నం చాల్లే అనుకున్నావా?"

బ్రిహిదా నవ్వలేదు.

"ఓహో, ఇవాళ వాతావరణం బాలేదన్నమాట. సరే. మేస్త్రీ, మరిచిపోయేవు, వెనక తలుపుకి అడ్డంగా ఒక బెంచి పడాలి. సిస్టర్ పిల్లల పేర్లు చదివింది, ఉన్న సీట్లు చాలవు."

"బెంచి పడితే నేను పేరు రాయను," అంది బ్రిహిదా.

"ఏంటీ?"

"విన్నావుగా. తలుపుకి లోపల పిడి ఉండాలి, తలుపు దగ్గర అడ్డం ఉండకూడదు. లేకపోతే నేను పేరు రాయను." బ్రష్షు తుడిచి డబ్బా మీద అడ్డంగా పెట్టేసింది.

ఇది చిన్న మాట అనుకోకండి. మా దగ్గర పేరు లేని బస్సు రోడ్డెక్కదు. ఊరి పునీతుడి పండగనాడు కొత్త బస్సులన్నీ చర్చి ముందు బారుతీరతాయి, ఫాదర్ వచ్చి పేరు పెట్టి పిలిచి ఒక్కో దాని మీద తీర్థం చల్లుతాడు. పేరే లేకపోతే దేన్నని పిలుస్తాడు? దీవెన లేని బండిలో తల్లులు పిల్లల్ని ఎక్కించరు. పండగ ఎంతో దూరంలో లేదు, అది అయిన వెంటనే బడి తెరుస్తారు.

"పక్క ఊరి నుంచి ఇంకో పెయింటర్ని తెచ్చుకుంటా," అన్నాడు మకారియో.

"తెచ్చుకో కొంపాద్రే. నేనెందుకు రాయలేదో అడుగుతాడు. నువ్వే చెప్పు."

ఒక పెయింటరు బ్రష్షు అడ్డంగా పెట్టేసిన బండిని ఇంకొకరు ముట్టుకోరు, కారణం తెలుసుకోకుండా అసలే ముట్టుకోరు. కారణం చెప్పాలంటే దెల్ఫీనో పేరు ఎత్తాలి.

మకారియో గొంతు మారింది. వేళాకోళం పోయింది. "ఇటు చూడు కొమాద్రే. పై పల్లెల పిల్లలు ఇప్పుడు బడికెలా వస్తున్నారో నీకు తెలీదా? టాపు లేని పికప్పు బండి వెనకాల నిలబడి. పట్టుకోడానికి ఒక ఇనప కడ్డీ, అంతే. సంతకి తోలే పందులకైనా గడ్డి పరుస్తారు. వాళ్ళందర్నీ కూర్చోబెట్టి తెద్దామని నేను ఈ బండి తెస్తే, నువ్వు తలుపంటావు. సరే, బెంచి తీసేస్తాం. ఆ బెంచి మీద కూర్చోవాల్సిన పిల్లలెక్కడికి పోతారు? మళ్ళీ పికప్పులోకే! ఎవరెవరు పోవాలో నువ్వే చెప్పు. వేలు పెట్టి చూపించు."

బ్రిహిదా మాట దాచుకునే మనిషి కాదు.

"నాకు తెలీదు," అంది. "కానీ తలుపు మూసేసిన బండికి నేను మళ్ళీ పేరు రాయను. నా వల్ల కాదు కొంపాద్రే."

"మొండిఘటం!" అని మకారియో టోపీ నెత్తిన కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంట్లో బ్రిహిదా మొక్కజొన్న రొట్టెలు కాల్చింది, ఒబ్దూలియో నల్ల చిక్కుడు గింజలతో తిన్నాడు, మెచ్చుకోలేదు, వంక పెట్టలేదు. తిని లేచాక ఆమె స్పానరు తీసుకుని పెరట్లోకి నడిచింది. కోళ్ళగూడు తలుపుకి ఉన్న గడియ విప్పడం మొదలుపెట్టింది.

ఆ గడియ బస్సు పిడే. ఒబ్దూలియో ఇప్పుడంటే గ్రైండరుతో కోసేస్తున్నాడు గానీ, గ్రైండరు కొనకముందు బోల్టులు విప్పి పిడిని చెక్కుచెదరకుండా తీసేవాడు. మంచి ఇనుము, పారేయడానికి మనసొప్పుతుందా? మా ఊళ్ళో సగం కోళ్ళగూళ్ళకీ, పందుల దొడ్లకీ, దొడ్డిగుమ్మాలకీ ఆ పిడులే. పిల్లల్ని కాపాడాలని ఎవరో ఎక్కడో తయారుచేసిన వస్తువుతో మేం కోళ్ళని కాపాడుకుంటున్నాం.

ఒబ్దూలియో గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఇది ఏ బండిది నాన్నా?"

ఆయనకి ప్రశ్న అర్థమైంది.

"ఏమోనమ్మా. అన్నీ ఒకేలా ఉంటాయి."

బ్రిహిదా ఆ పిడిని లంగా అంచుతో తుడిచింది. అది వాడి బస్సుదే కావచ్చు, కాకపోవచ్చు. రోజూ పొద్దున్నే కోళ్ళని వదలడానికి తనే దాన్ని ఎత్తేది. ఒక్క వేలితో తేలిగ్గా లేచేది. అది గుర్తొచ్చి ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది, అక్కడే గూటి దగ్గర కూలబడి ఏడ్చింది. తండ్రి దగ్గరికి రాలేదు. రావాలని ఉండి కూడా రాలేకపోయాడు.

మర్నాడు ఆ పిడిని బస్సుకి బిగించారు. తెంపిన వైరు కలిపారు. తలుపు తీసి చూస్తే బజరు బుయ్యిమని షెడ్డంతా మోగింది. "అమ్మో, ఇది మా అత్తగారి గొంతే," అన్నాడు మకారియో చెవులు మూసుకుని. ఆయన పొద్దున్నే వచ్చేశాడు, రాత్రి నిద్ర పట్టలేదట. "సరే, పిడి వచ్చింది, బజరు వచ్చింది. ఇక బెంచి ఉండనివ్వండి. బుడతలు బెంచి ఎక్కి పిడి లేపుకుంటారు. ఇద్దరి మాటా దక్కినట్టుంటుంది."

వినడానికి బాగానే ఉంది. పనివాళ్ళు కూడా తలలూపారు. బ్రిహిదా తండ్రి మొహంకేసి చూసింది.

ఒబ్దూలియో పనివాళ్ళ చేత బెంచి తెప్పించి తలుపుకి అడ్డంగా పెట్టించాడు, రెండు బోల్టులు కూడా బిగించాడు. తర్వాత బస్సులోకెక్కి, సీట్ల మధ్య దారిలో వెనక దాకా వెళ్ళి, అక్కడ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, సీటు పట్టుకుని మూలుగుతూ దిగాడు. ఇప్పుడాయన ఎత్తు బడిపిల్లాడి ఎత్తు. బెంచి మీంచి చెయ్యి చాచాడు. పిడి అందింది.

"చూశావా, అందింది!" అన్నాడు మకారియో.

"బండి నిలబడి ఉంది కదా," అన్నాడు ఒబ్దూలియో. "పడుకున్నాక సంగతి చూద్దాం."

అని, ఆ ముసలాయన కుడి పక్కకి తిరిగి, భుజం నేలకి ఆనించి, దారిలో తలుపు వైపు తలపెట్టి పడుకున్నాడు. పడిపోయిన బస్సులో కిటికీల మీద పడిపోయిన పిల్లాడిలా. అక్కడినుంచి చెయ్యి చాచాడు. మధ్యలో బెంచి గోడలా ఉంది. చెయ్యి బెంచి కాలికి తగిలింది. వీపు ఎత్తి, మెడ చాచి మళ్ళీ ప్రయత్నించాడు. వేళ్ళు గాలిలో ఆడాయి. పిడి అక్కడే కనిపిస్తోంది, అందడం లేదు. ఇంకా ప్రయత్నించాడు, మొహం ఎర్రబడేదాకా.

"నాన్నా, చాలు," అంది బ్రిహిదా.

ఆయన లేవలేదు. పడుకున్నచోటే ఉండి అన్నాడు: "అందదమ్మా. పిడి ఉన్నా వాడికి అందేది కాదు. పిడి కోసిందీ నేనే, బెంచి వేసిందీ నేనే. వాడు ఇక్కడే ఉన్నాడు, ఇక్కడే. ఇలాగే చెయ్యి చాచి ఉంటాడు."

బ్రిహిదా బస్సెక్కింది. తండ్రి పక్కన నేలమీద కూర్చుంది.

"నాకు తెలుసు నాన్నా. ఇన్నాళ్ళూ నీ మీద కోపం పెట్టుకునే నీకు రొట్టెలు కాల్చాను. కాల్చినప్పుడల్లా అడుగుదామనుకునేదాన్ని. అడిగితే నువ్వు చచ్చిపోతావేమోనని అడగలేదు. నా మీద నాకింకా ఎక్కువ కోపం. తలుపు మీది అక్షరాలు చెరిపింది నేనే కదా."

ఒబ్దూలియో చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఆయన తల ఒళ్ళోకి తీసుకుంది. షెడ్డులో ఉన్న మేం చూడకూడదని తలలు తిప్పుకున్నాం, కానీ అందరం విన్నాం.

మకారియో టోపీ తీసేసి తలుపు బయట నిలబడ్డాడు. తర్వాత స్పానరు తీసుకుని, వెనకనుంచి బస్సెక్కి, బెంచి బోల్టులు ఆయనే విప్పాడు. బెంచి బయటికి మోసి షెడ్డు గోడకి ఆనించాడు. చేతులు తుడుచుకున్నాడు.

"తలుపుకి అడ్డం తీసేశాం కొమాద్రే. పేరు రాయి." ఆ బెంచికేసి చూసి, "ఆ పిల్లల మాటేంటి మరి?" అన్నాడు. ఈసారి దెప్పిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

నిలబెట్టి తెద్దామా అన్నారొకరు. దారి నిండా పిల్లలు నిలబడితే తలుపు దాకా ఎవరూ రాలేరు, బెంచి వేసినట్టే కదా అన్నాడు ఒబ్దూలియో. రెండో ట్రిప్పు వేద్దామా అన్నారింకొకరు. ఆ కొండ ఎక్కి దిగి మళ్ళీ ఎక్కి దిగేసరికి మధ్యాహ్నం గంట కొడతారు అన్నాడు మకారియో. అందరూ అన్నీ అన్నారు, ఏదీ కుదరలేదు. చివరికి సిస్టరే తేల్చింది. అన్నిటికన్నా పైన ఉన్న పల్లె పిల్లలు కొందరు బడిలో ఆఖర్న చేరారు. ఇంకో దారి దొరికేదాకా వాళ్ళు పికప్పులోనే రావాలి.

బ్రిహిదా పేరు రాసింది. మకారియో పెళ్ళాం పేరు సోయిలా, పెద్దపెద్ద బంగారు అక్షరాల్లో రాసింది. వెనక తలుపు మీది ఎర్ర అక్షరాల జోలికి పోలేదు. వాటి కింద మా భాషలో, చదవడం అప్పుడే నేర్చుకున్న పిల్లలు కూడా కూడబలుక్కుని చదివేలా, అదే మాట రాసింది: ఆపద వస్తే ఈ తలుపు తెరవండి. పండగనాడు ఫాదర్ బస్సుని పేరుపెట్టి పిలిచి తీర్థం చల్లాడు, టపాకాయల దండలు పేలాయి, కొయ్యపలకల మరింబా వాయించారు, సోయిలా తన పేరు చూసుకుని మురిసి ఏడ్చింది. బ్రిహిదా ఇంటికొచ్చి పడుకుంది. ఆమె కోరిందే జరిగింది. అయినా నిద్ర పట్టలేదు.

బడి తెరిచిన రోజు మకారియో పక్కన కూర్చుని ఆమె కూడా బస్సులో కొండెక్కింది. పై పల్లెల దాకా మంచు, చలి. పిల్లలు స్వెట్టర్లలో ముడుచుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు, తల్లులు నేత రవికల మీద తుండుగుడ్డలు కప్పుకుని. ఒక్కొక్కరే ఎక్కి మెత్తటి సీట్లలో కూర్చుని ఎగిరెగిరి చూసుకున్నారు. మకారియో ఒక్కొక్కరికీ వెనక తలుపు చూపించి పిడి ఎలా లేపాలో నేర్పాడు. బజరు మోగినప్పుడల్లా కేరింతలు కొట్టారు. అన్నిటికన్నా పైనున్న పల్లె చేరేసరికి సీట్లన్నీ నిండిపోయాయి.

అక్కడ పికప్పు ఆగి ఉంది. దాని వెనకాల కొందరు పిల్లలు, అందరూ బుడతలే, అప్పటికే ఎక్కి కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళు ఎవర్నీ ఏమీ అడగలేదు. పికప్పు వాడు బండి స్టార్టు చేస్తుంటే బస్సు కిటికీలకేసి చూస్తున్నారు, అంతే. ఎవరు పోవాలో వేలు పెట్టి చూపించమన్నాడు మకారియో. చూపించకుండానే చూపించినట్టయింది. బ్రిహిదా బస్సు దిగింది.

"ఎక్కు కొమాద్రే, ఆలస్యమవుతోంది," అన్నాడు మకారియో.

"నువ్వు పద. నేను వీళ్ళతో వస్తా."

"పిచ్చా నీకు? ఈ చలిలో, ఆ డొక్కు బండిలో?"

"పద కొంపాద్రే."

ఆమె లంగా ఎత్తిపట్టుకుని పికప్పు వెనకాల ఎక్కింది. చివరి రేకు తలుపు దగ్గరికి పోయి, దానికి వీపు ఆనించి కూర్చుంది. అక్కడ ఎవరూ లేరు, పిల్లలంతా ముందుకి సర్దుకుని ఉన్నారు.

"అక్కడ కూర్చోకత్తా," అంది మికయేలా అనే ఒక పిల్ల, ముక్కు చీదుకుంటూ. "అది ఊడిపోతుంది. తాడుతో కట్టారు. అక్కడ మేమెవ్వరం కూర్చోం."

"మరెవరో ఒకరు కూర్చోవాలిగా."

"నువ్వు కూడా బడికా?"

"ఆఁ, నేను కూడా."

"ఇంత పెద్దయ్యాకా?" పిల్లలంతా ఫక్కుమన్నారు.

పికప్పు కదిలింది. ముందు బస్సు పోతోంది. వెనక తలుపు, దాని మీద ఎర్ర అక్షరాలు, కింద తన అక్షరాలు, మంచులో మసగ్గా కనిపిస్తున్నాయి. వాగు మలుపు దగ్గర పడింది. దెల్ఫీనో పోయాక బ్రిహిదా ఆ మలుపు కళ్ళు తెరుచుకుని ఎప్పుడూ దాటలేదు. ఈసారి కళ్ళు మూసుకుంటే కుదరదు. కాళ్ళు బారచాపి, దగ్గరున్న బుడతల్ని కాళ్ళ మధ్యకి లాక్కుంది.

వాగు దాటాక ఎక్కుడు. బండి మొరాయించి ఒక్క కుదుపు కుదిపింది. పిల్లలంతా చేతులు జారి, ఒకరి మీద ఒకరు వెనక్కి దొర్లుకుంటూ వచ్చి ఆమె మీద పడ్డారు. వాళ్ళకది రోజూ ఉండేదే, కిలకిలా నవ్వారు. బ్రిహిదా నవ్వలేదు. వెనక తాడు కిర్రుమంది, ముడి వీపులో గుచ్చుకుంది. అందిన స్వెట్టరల్లా, అందిన చెయ్యల్లా పట్టుకుంది. "అత్తా, వదులు, నొప్పెడుతోంది," అంది మికయేలా. బ్రిహిదా బడి గేటు వచ్చేదాకా వదల్లేదు.

మర్నాడు మంచు ఇంకా విడవకముందే ఆమె నడుచుకుంటూ కొండెక్కి, పికప్పు దగ్గర పిల్లలకోసం నిలబడి ఉంది.